ఎర్రకారులో కొత్త కంప్యూటరు

“ఎవరండీ దాన్ని ముట్టుకుంది?”

కీర్తిప్రియ ఆ మాట అరవలేదు. కొత్తకోడలు అరిచే ఇల్లు కాదది. కొట్టుగదిలో బియ్యం బస్తాల మధ్య నిలబడి, భర్త చొక్కా చెయ్యి పట్టుకుని గొంతు దాటకుండా అడిగింది. అరిచి ఉంటే ఫణీంద్రకి అంత భయం వేసేది కాదు.

“మెకానిక్ అప్పాజీ వచ్చాడు. నాన్నగారు కబురు పెట్టారట. ఒకసారి చెయ్యి వేసి చూశాడంతే.”

“చూడ్డం కాదు, డిస్ట్రిబ్యూటర్ తిప్పాడు.”

“వంటింట్లో ఉన్నదానివి, నీకెలా తెలుసు?”

“వినపడుతోంది.”

నిజంగానే వినపడుతోంది. పెరటి షెడ్డులో ఎర్రకారు ఇంజను నడుస్తోంది. నిన్న మధ్యాహ్నం ఆమె ఆపినప్పటి చప్పుడు కాదిది. అంతకంటే హుషారుగా, పైస్థాయిలో ఉంది. ఇంటిల్లిపాదికీ ఆ చప్పుడు ముద్దొస్తోంది. ఆమెకి మాత్రం అందులో తప్పే వినపడుతోంది.

గడియారంలో తొమ్మిదీ యాభై. ముహూర్తం పది నలభై రెండుకి.

ఆ ముహూర్తానికి ఆమె మావగారు సీతారామరాజుగారు తన ఎర్రకారు తనే నడుపుకుంటూ నిడదవోలులో చెల్లెలుగారింటికి వెళ్ళాలని నిశ్చయమైపోయింది. ఉండి నుంచి నిడదవోలు దగ్గర దగ్గర అరవై కిలోమీటర్లు. మావయ్యగారు నిశ్చయించాక పంచాంగమైనా దారికి రావలసిందే. పంతులుగారు రెండుసార్లు లెక్కగట్టి తెచ్చిన ముహూర్తమది.

ఆ కారు సంగతి ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. రొయ్యలు విరగపండిన రోజుల్లో మద్రాసు నుంచి తెప్పించుకున్న జపాను బండి. రెండే తలుపులు, నేలకి జానెడెత్తు. ఎర్రకారు వస్తోందంటే సైకిళ్ళవాళ్ళు ముందే రోడ్డు దిగిపోయేవాళ్ళట. ఆరేళ్ళ కిందట ఒకరోజు నడుస్తున్నది నడుస్తూనే ఆగిపోయింది. ఇంజనుకి ఏ రోగమూ లేదు. పెట్రోలు ఎంత చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు వెయ్యాలో ఇంజనుకి చెప్పే కంప్యూటరు డబ్బా ఒకటుంటుంది. అది చెరువుల ఉప్పుగాలికి లోలోపల పచ్చగా చిలుమెక్కి చచ్చిపోయింది. అలాంటిది ఇంకోటి ఎక్కడా దొరకలేదు.

దొరికింది దాని తమ్ముడు. అదే రకం ఇంజనుతో, ఈ మోడల్ తర్వాత ఆరేళ్ళకి వచ్చిన కారులోది. చెన్నై పాత సామాన్ల బజారులో వెతికి ఫణీంద్ర పట్టుకొచ్చాడు. అతను చేసింది అంతవరకే.

మిగిలినదంతా కీర్తిప్రియ చేసింది. పాతదానికి అరవై నాలుగు తీగలు, కొత్తదానికి డెబ్భై ఆరు. ఏదీ ఉండాల్సిన చోట ఉండదు. ఏ తీగలో ఏ కబురు వెళుతోందో మీటరు పెట్టి చూసి, ఒక్కోదానికి చీటీ కట్టి, సోల్డరింగ్‌తో అతికించి, పాత బండికీ కొత్త డబ్బాకీ మధ్య తీగలతో ఒక జడ అల్లింది. మావయ్యగారు భోంచేసి నిద్రపోయే రెండు గంటలే ఆమె పనివేళ. అలాంటి మధ్యాహ్నాలు నలభై పట్టాయి. చదివిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ ఊరికే పోలేదు.

పోలేదన్న సంగతి ఎవరికీ తెలియదు, గొడవంతా అక్కడే ఉంది. ఆ ఇంట్లో ఘోషా పోయి ఇరవై ఏళ్ళయినా వీధరుగు గుమ్మానికి తెర అలాగే ఉంది. కోడళ్ళు మగవాళ్ళ వాకిట్లోకి రారు, ఇక పనివాళ్ళ ఎదట కారు కింద దూరడం మాట చెప్పనే అక్కర్లేదు. “మీరే చేశారని చెప్పండి, సరిపోతుంది,” అని సలహా ఇచ్చింది కూడా ఆమే. సరిపోయింది. మరీ బాగా సరిపోయింది.

“తిప్పితే తిప్పాడులే,” అన్నాడు ఫణీంద్ర. “నిన్నటికంటే బాగా నడుస్తోందిగా.”

“అదే వచ్చిన చిక్కు. నిలబెట్టి ఉంచినంతసేపూ బాగానే ఉంటుంది.” ఆమె చొక్కా వదిలింది. పులిహోర కలుపుతూ వచ్చిందేమో, చొక్కా చేతి మీద పసుపు మరక మిగిలింది. “వినండి. ఈ కొత్త కంప్యూటరు నిప్పురవ్వని దాని లెక్క ప్రకారం అదే ముందుకు జరుపుకుంటుంది. అందుకే ఆ రవ్వ వేళని మార్చే డిస్ట్రిబ్యూటర్‌ని నిన్న నేను సరిగ్గా గీత మీద పెట్టి బిగించాను. ఇప్పుడు అప్పాజీ చెవితో విని ఇంకాస్త ముందుకు తోశాడు. అతను తోసిందీ, అది జరిపిందీ రెండూ కలిస్తే...”

“కలిస్తే?”

“కాలు అదిమి తొక్కినప్పుడు పిస్టన్ పైకి రాకముందే లోపల అంటుకుంటుంది. సుత్తిపెట్టి కొట్టినట్టే. పది నిమిషాలు గట్టిగా నడిపితే పిస్టన్లకి చిల్లులు పడతాయి. ఆ పిస్టన్లు మళ్ళీ ఎక్కడా దొరకవు.”

“ఆ చప్పుడు వినే సెన్సరు ఉంటుందన్నావు. విని అదే వెనక్కి తగ్గుతుందన్నావు.”

“అది కొత్త ఇంజనుకుంటుంది. మనదానికి లేదు. సెన్సరు బిగించడానికి కావలసిన ఇనుప దిమ్మ ఇంకా లేతు మిషనువాడి దగ్గరే ఉంది. అది వచ్చేదాకా కంప్యూటరు గోలపెట్టకుండా ఒక రెసిస్టరు పెట్టి మభ్యపెట్టాను. దానికిప్పుడు చెవుల్లేవండీ. లోపల ఏం జరుగుతున్నా అంతా బాగుందనే అనుకుంటుంది.”

“మా నాన్నగారిలాగా,” అని ఫణీంద్ర నవ్వబోయాడు.

ఆమె నవ్వలేదు.

“వెళ్ళి వెనక్కి తిప్పించండి.”

“అప్పాజీకి నేను చెప్పాలా? నేను పుట్టకముందు నుంచీ మా బళ్ళు చూస్తున్నాడతను.”

“చేసింది మీరు కదా, అందరి లెక్కలోనూ.”

ఆ మాట అనకుండా ఉండాల్సిందని అన్న వెంటనే అనిపించింది. ఫణీంద్ర బియ్యం బస్తాలు దాటుకుని బయటికి నడిచాడు.

* * *

షెడ్డులో అప్పాజీ బానెట్ కింద తలపెట్టి, కళ్ళు మూసుకుని వింటున్నాడు. భీమవరంలో అతని వర్క్‌షాపు తెలియని కార్లవాళ్ళు లేరు. మీటర్లంటే అతనికి ఖాతరు లేదు. ఇంజను పక్కన నిలబడి, డెల్కో తిప్పుతూ, తియ్యగా పలికిన చోట బిగించేస్తాడు. డిస్ట్రిబ్యూటర్‌ని డెల్కో అనే తరం మనిషి. ముప్పై ఐదేళ్ళుగా, కార్బొరేటర్ బళ్ళ విషయంలో ఆ చెవి అతన్ని ఎన్నడూ మోసం చెయ్యలేదు.

“ఆయ్, రండి చినబాబుగారూ! ఏం చేశారండీ బాబూ, ఏం చేశారు! పోయిందని నేను నీళ్ళొదిలేసిన బండండి ఇది. అంతా బాగుంది కానండి, టైమింగ్ దగ్గర కొంచెం మొహమాటపడ్డారు. నేను రవ్వంత వదిలాను. ఎలా పాడుతోందో వినండి ఇప్పుడు!”

“అప్పాజీ, అది... నిన్న ఎక్కడుందో అక్కడే పెట్టెయ్యి.”

“ఎందుకండీ?”

ఎందుకో చెప్పాలి. కొట్టుగదిలో విన్నవన్నీ ఫణీంద్ర నాలుక మీదికి వచ్చాయి. ఏది ముందో ఏది వెనకో తెలియక అక్కడే చిక్కుపడ్డాయి.

“కంప్యూటరు అదే లెక్క చూసుకుంటుంది.”

“దాని లెక్క అది చూసుకుంటుందండి, నా లెక్క నేను చూశాను. ఇద్దరం చూస్తే మంచిదే కదండీ?”

ఫణీంద్ర నోరు తెరిచేలోపు వెనక నుంచి పెద్ద నవ్వు వినపడింది. పట్టుపంచె, భుజాన కండువాతో సీతారామరాజుగారు నిలబడి ఉన్నారు. ఆరేళ్ళుగా ఆ షెడ్డు వైపు తల తిప్పి చూడని మనిషి, పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి రావడం.

“అప్పాజీ చెయ్యి పడకుండా నా బండి గుమ్మం దాటుతుందా? నేనే పిలిపించాను.”

వచ్చి కొడుకు భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి అక్కడే ఉంచారు.

“చూడు అప్పాజీ, నీ దగ్గర దాపరికమేంటి. వీడు ఇంటరు రెండుసార్లు తప్పాడు. రొయ్యపిల్లల హేచరీ పెట్టిస్తే ఏడాది తిరక్కుండా మూసేశాడు. మీ అబ్బాయి ఏం చేస్తున్నాడండీ అని ఎవరైనా అడిగితే నేను వానల గురించి మాట్లాడేవాణ్ణి. మద్రాసువాళ్ళూ హైదరాబాదువాళ్ళూ మావల్ల కాదని చేతులెత్తేసినదాన్ని వీడు లేపి నిలబెట్టాడు. నా కొడుకు!”

‘నా కొడుకు’ అనే మాట తండ్రి నోట ఫణీంద్ర ఇరవై తొమ్మిదేళ్ళలో చాలాసార్లు విన్నాడు. ఆ విన్నదంతా వేరు. ఇవాళ్టిది తిట్టు కాదు.

“ఏదో అంటున్నావు అప్పాజీతో?” అన్నారు రాజుగారు.

“ఏం లేదండి నాన్నగారూ,” అన్నాడు ఫణీంద్ర.

* * *

వంటింట్లో బుల్లెమ్మగారు చక్రపొంగలి కలుపుతున్నారు. కోడలు గుమ్మం దగ్గర కత్తిపీట ముందు కూర్చుని కొబ్బరి ముక్కలు కోస్తోంది. కొడుకు గుమ్మంలోకి వచ్చాడు. అత్తగారు వెనక్కి తిరగలేదు.

“చెప్పారా?” అంది కీర్తిప్రియ గుసగుసగా.

“నాన్నగారు అక్కడే ఉన్నారు.”

“ఉంటే?”

“మెల్లగా నడపమని చెబుతానులే. నలభై దాటకపోతే ఏం కాదుగా?”

“మావయ్యగారు, ఆ కారు, ఆరేళ్ళ తర్వాత, నిడదవోలు దారిలో గూడెం దాటాక తిన్నటి రోడ్డు మీద నలభైలో నడుపుతారా?”

గిన్నెలో గరిటె ఒక క్షణం ఆగి, మళ్ళీ తిరిగింది.

“నువ్వు అర్థం చేసుకోవడం లేదు ప్రియా.” ఫణీంద్ర గొంతు ఇంకా తగ్గించాడు. “నేను ఒకటి చెబితే ఎందుకంటారు. అది చెబితే ఇంకోటి అడుగుతారు. నా దగ్గర రెండో ప్రశ్నకి జవాబు లేదు. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. ఎప్పుడైనా వెయ్యడం చూశావా నువ్వు?”

చూడలేదు. ఆమెకి అతని మీద జాలేసింది, అంతలోనే ఒళ్ళు మండింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో ఆమెకింకా అలవాటు కాలేదు.

“ఇంజను పోతే ఆ చెయ్యి ఉంటుందాండీ? చేసింది మీరే కదా, పాడుచేసిందీ మీరే అంటారు.”

“అప్పాజీ తిప్పడం వల్లే పోయిందంటాను.”

కత్తిపీట దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. పెళ్ళయిన ఎనిమిది నెలల్లో అతన్ని చూసి సిగ్గుపడటం అదే మొదటిసారి.

“తప్పని అతనికి చెప్పేవాళ్ళు లేక చేశాడు,” అంది. “తెలిసీ నోరు మూసుకుని, ముప్పై ఐదేళ్ళ పేరు మీద తోసేస్తారా?”

ఫణీంద్ర మొహం ఎర్రబడింది. “పుణ్యాత్మురాలివి. వెళ్ళు, వెళ్ళి నలుగురిలో చెప్పు, మా ఆయన చేతకానివాడని.” అంటూనే వెళ్ళిపోయాడు.

బుల్లెమ్మగారు గరిటె పక్కన పెట్టారు.

“అమ్మాయ్, ఆ నెయ్యి ఇటందుకో.”

కీర్తిప్రియ అందించింది.

“నీ నేతచీర కుచ్చిళ్ళకి కాలిన చిల్లులున్నాయని మొన్న చిట్టెమ్మ నన్నడిగింది. ఉతికేది అదేగా. దీపం దగ్గర అంటుకుందని చెప్పాను.”

తీగలు అతికించేటప్పుడు కరిగిన సోల్డరింగ్ చుక్కలు పడిన చీర అది. కీర్తిప్రియ చెయ్యి తన కుచ్చిళ్ళ మీదికి పోయింది. అత్తగారికి ఎప్పటినుంచి తెలుసో అడగాలనిపించింది, ధైర్యం చాలలేదు.

“ఈ ఇంటికొచ్చి ముప్పై రెండేళ్ళయింది,” అన్నారు బుల్లెమ్మగారు నెయ్యి పోస్తూ. “మీ మావయ్యగారి మాటని నలుగురిలో ఒక్కసారి కూడా కాదన్లేదు.”

అది హెచ్చరికో, తన బాధే చెప్పుకుంటున్నారో తెలియలేదు. ఆవిడ చక్రపొంగలి మీద మూత పెట్టారు.

* * *

పదిన్నరకి వాకిలి నిండిపోయింది. చెరువుల దగ్గర పనివాళ్ళు, ఇరుగుపొరుగు, చూసిపోదామని వచ్చిన కార్ల పిచ్చివాళ్ళు నలుగురైదుగురు. షెడ్డులోంచి తెచ్చి నిలబెట్టిన ఎర్రకారుకి బంతిపూల దండ వేశారు. బానెట్ మీద పసుపు, కుంకుమ. ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు. పంతులుగారు కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు బానెట్ మీద చల్లబోతుంటే ఫణీంద్ర గబుక్కున అడ్డం వెళ్ళి నేల మీద చల్లించాడు. ఆ జాగ్రత్త చూసి రాజుగారు మురిసిపోయారు. అది తీగలు తడవకూడదని నిన్న రాత్రి భార్య చెప్పిన జాగ్రత్త.

వీధరుగు గుమ్మంలో తెర పక్కన ఆడవాళ్ళు నిలబడ్డారు. హారతిపళ్ళెంతో బుల్లెమ్మగారు ముందు, ఆవిడ వెనక కీర్తిప్రియ.

పంతులుగారు గడియారం చూసుకున్నారు. “ఇంకా ఏడు నిమిషాలుందండి. స్టార్ట్ చేసి ఉంచండి. సరిగ్గా నలభై రెండుకి నిమ్మకాయలు దాటాలి.”

రాజుగారు స్టీరింగు దగ్గర, కొడుకు పక్కసీట్లో కూర్చున్నారు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. చుట్టూ జనం “ఆహా” అన్నారు. రాజుగారికి హుషారెక్కి యాక్సిలరేటరుని కాలుతో ఒక్కసారి గట్టిగా ఒత్తి వదిలారు.

అప్పుడు విన్నది కీర్తిప్రియ. ఆ గర్జన అడుగున, డబ్బాలో గోళీలు ఊపినట్టు, చిన్న గలగల. లోపల ముందే అంటుకుంటున్న చప్పుడది, అరసెకను ఉండి పోయింది.

జనంలో ఎవరికీ అది పట్టలేదు. అప్పాజీ మాత్రం తల కొంచెం పక్కకి వంచి, మళ్ళీ మామూలుగా నిలబడ్డాడు.

ఆమె పక్కసీట్లో ఉన్న భర్త వైపు చూసింది. అతనూ ఆమె వైపే చూస్తున్నాడు. వద్దన్నట్టు కళ్ళతోనే బతిమాలాడు.

ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఇవాళ్టికి అందరూ సంతోషంగా ఉంటారు. సాయంత్రానికి రోడ్డు పక్కన బండి, దాని పక్కన తలవంచుకుని అప్పాజీ, అతన్ని వేలెత్తి చూపిస్తూ తన భర్త. ఆ బొమ్మ కళ్ళముందు కనపడగానే ఆమె కాళ్ళు వాటంతటవే కదిలాయి. అత్తగారిని తప్పుకుని, తెర దాటి, మెట్లు దిగింది.

పంతులుగారి మంత్రం మధ్యలో ఆగింది.

“ఆపండి మావయ్యగారూ.”

ముహూర్తం ముందర ‘ఆపండి’ అనే మాట ఆ వాకిట్లో ఎవరూ విని ఎరగరు. అన్నది కోడలు కావడంతో మగవాళ్ళంతా ఎటు చూడాలో తెలియక నేల చూపులు చూశారు.

సీతారామరాజుగారు కారులోంచే అడిగారు, చాలా మర్యాదగా. “ఏంటమ్మా?”

కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది. “టైమింగ్ కొంచెం జరిగిందండి. సరిచేశాక బయల్దేరితే మంచిదని...” పక్కసీట్లో భర్త వైపు చూసింది. “వారు చెప్పమన్నారండి.”

“వీడా? నా పక్కనే కూర్చున్నాడు కదమ్మా. నాకు చెప్పకుండా నీకు చెప్పాడా?”

ఫణీంద్ర అద్దంలోంచి బంతిపూల దండ వైపు చూస్తున్నాడు.

రాజుగారు కొడుకుని చూశారు, కోడల్ని చూశారు, ఒక్కసారిగా నవ్వేశారు. “నాన్నకి చెప్పడానికి భయమేంట్రా నీకు! బాగుచేసినవాడివి నువ్వు. జరిగితే జరిగిందని చెప్పు. దిగు, దిగి సరిచెయ్యి. ఇంకా ఆరు నిమిషాలుంది.” తనూ దిగి బానెట్ ఎత్తించారు. “అప్పాజీ, నువ్వూ రా. మావాడు ఎలా చేస్తాడో చూద్దాం. అందరూ చూడండి!”

అందరూ దగ్గరికి జరిగారు.

ఫణీంద్ర పెట్టెలోంచి నిప్పురవ్వ ఎప్పుడు పడుతోందో చూపించే, పిస్తోలులా ఉండే టైమింగ్ లైటు తీశాడు. రెండు క్లిప్పులు బ్యాటరీకి పెట్టాడు. అంతవరకు తెలుసు. మూడో క్లిప్పు ప్లగ్గు తీగకి తగిలించాలి. తీగలు నాలుగున్నాయి. చెయ్యి నాలుగోదాని మీదికి వెళ్ళి తచ్చాడింది.

కళ్ళెత్తి భార్యని చూశాడు. ఆమె కనుపాప బెల్టువైపు కదిలింది. అతను బెల్టు దగ్గరున్న మొదటి తీగకి క్లిప్పు పెట్టాడు.

“ఎటు చూస్తున్నావురా?” అన్నారు రాజుగారు. ఆయన నవ్వు సగం తగ్గింది.

ఫణీంద్ర మీట నొక్కాడు. లైటు టపటపా వెలిగింది. కానీ దాన్ని దేనికి చూపించాలి? అంతకంటే ముందు రెండు పిన్నుల మధ్య చిన్న తీగముక్క పెట్టి కంప్యూటరు చేత దాని లెక్క ఆపించాలి. ఆ సంగతి భార్య చెప్పినప్పుడు అతను చెన్నై కబుర్లు చెబుతున్నాడు. లైటుని ఒకసారి ఫ్యాను మీదికి, ఒకసారి డిస్ట్రిబ్యూటర్ మీదికి తిప్పాడు.

“నాలుగు నిమిషాలండి,” అన్నారు పంతులుగారు.

ఎవరో వెనక దగ్గారు. తండ్రి ఊపిరి పక్కనే వినపడుతోంది. ఇంకో అబద్ధం ఆడటానికి నోరు కావాలి గాని, ఇది చేతులతో ఆడవలసిన అబద్ధం. అతనివల్ల కాలేదు.

“ప్రియా,” అని లైటు ఆమె వైపు చాపాడు. “నువ్వు చెయ్యి.”

చిన్నగా అన్నాడు. అందరికీ వినపడింది.

కీర్తిప్రియ కొంగు నడుముకి దోపింది. తీగముక్క పెట్టింది. వంగి చూస్తే, నిన్న తను గోళ్ళరంగుతో డిస్ట్రిబ్యూటర్ మీదా ఇంజను మీదా కలిపి గీసిన గీత రెండు ముక్కలైంది. వాటి మధ్య గోరు పట్టేంత ఎడముంది. పన్నెండో నంబరు స్పానర్‌తో బోల్టు వదులుచేసి, లైటు పట్టుకుని, వెంట్రుకవాసి వెంట్రుకవాసి వెనక్కి తిప్పింది. ఇంజను చప్పుడు దిగుతూ వచ్చింది. గీత సరిగ్గా కుదిరాక బోల్టు బిగించి, తీగముక్క తీసేసింది.

రెండు నిమిషాలు పట్టలేదు. ఇందాకటి హుషారు పోయి ఇంజను నిదానంగా, మొద్దుగా నడుస్తోంది.

“అయ్యో, బంగారంలాంటి బండి పాడుచేసింది,” అన్నారెవరో.

“పాడుచెయ్యలేదు,” అన్నాడు అప్పాజీ. తల వంచుకుని రాజుగారికి ఎదురుగా వచ్చాడు. “ఇందాక మీరు కాలు నొక్కి రేజ్ చేసినప్పుడు లోపల గలగలమందండి బాబుగారూ. నాకూ వినపడింది. తిప్పింది నేనే కదా, ఎలా అనను అని ఊరుకున్నాను. తప్పు నాదండి.”

రాజుగారు ఆ మాటలు విన్నట్టే లేదు. కొడుకునే చూస్తున్నారు.

“ఇదంతా ఎవరు చేశారు?”

“ప్రియ చేసిందండి.”

“అంతానా?”

“అంతా. డబ్బా తెచ్చింది మాత్రం నేను.”

“ఇందాక షెడ్డులో, అప్పాజీ ఎదట, నేను నిన్ను మెచ్చుకున్నాను. భుజం మీద చెయ్యి వేసి మరీ మెచ్చుకున్నాను. అప్పుడు చెప్పడానికి నీకు నోరు రాలేదా?”

“రాలేదు నాన్నగారూ.” ఫణీంద్ర తలెత్తలేదు. “మొదటిసారి కదండీ.”

సీతారామరాజుగారు కొడుకు మీంచి చూపు తిప్పుకున్నారు. ఆయన మొహంలో కోపం వెతికినవాళ్ళకి అది దొరకలేదు. అంతకంటే చూడలేనిదేదో ఉంది. వీధరుగు గుమ్మంలో ఉన్న భార్య వైపు తిరిగారు.

“నీకు తెలుసా?”

బుల్లెమ్మగారు హారతిపళ్ళెం అరుగు మీద పెట్టారు. “తెలుసండి,” అన్నారు, అందరికీ వినపడేటట్టు.

రాజుగారు తాళం కారుకే వదిలేసి, మెట్లెక్కి, భార్యని దాటుకుని లోపలికి వెళ్ళిపోయారు.

“అయ్యా, ముహూర్తం...” అన్నారు పంతులుగారు గడియారం పట్టుకుని. నలభై రెండు అయింది, దాటింది. నిమ్మకాయలు చక్రాల కింద అలాగే ఉన్నాయి.

లోపల నుంచి రాజుగారి గొంతు వినపడింది.

“కోడల్ని ఒకసారి రమ్మనండి. ఒక్కర్తినే.”

కీర్తిప్రియ కొంగు సరిచేసుకుంది. చేతికంతా గ్రీజు. స్పానర్ ఇంకా పట్టుకునే ఉందని అప్పుడు చూసుకుని, భర్త వైపు చాపింది.

“ఏవండీ, ఇది పట్టుకోండి.”

ఫణీంద్ర దానివంక చూశాడు, ఆమెవంక మాత్రం చూడలేదు.

“నీ దగ్గరే ఉంచుకో,” అన్నాడు. “నీదేగా.”

అని బానెట్ దించి, జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ వీధి గేటు వైపు నడిచాడు. ఏమని పిలవాలో ఆమెకి తెలియలేదు.

లోపల నుంచి సీతారామరాజుగారు రెండోసారి పిలిచారు. స్పానర్ చేతిలోనే పట్టుకుని ఆమె మెట్లెక్కింది.